అమ్మతో, పాపతో ఫిబ్రవరిలో కారులో కన్యాకుమారి: చలి, ఎండ రెండూ ఉంటాయా?

కొంపల్లి వాసి:
శివరాత్రి దాటిన వారంలో కారులో కన్యాకుమారి వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, నాలుగేళ్ళ పాప, 67 ఏళ్ళ మా అమ్మ. సముద్రం మీద సూర్యోదయం చూడాలని అమ్మ ఎప్పటినుంచో అడుగుతోంది. ఇక్కడ తెల్లవారుజామున ఇంకా చలిగానే ఉంది, మదురై వైపు అప్పుడే ఎండలంటున్నారు. ఎన్ని గంటలకు బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి? ఇంత దూరం నడపడం నాకిదే మొదటిసారి, కొంచెం టెన్షన్‌గా ఉంది.

నల్లకుంట అమ్మాయి:
పోయిన ఏడాది ఇదే నెలలో మా నాన్నను తీసుకుని నేనూ మావారూ వెళ్ళొచ్చాం. 44వ నంబరు హైవే కన్యాకుమారి దాకా తీసుకెళ్తుంది, దారి గురించి భయపడకండి.

మేం తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం, అది పొరపాటు. షాద్‌నగర్ దాటాక మంచు కమ్మేసింది. ముందు లారీ వెనక లైట్లు తప్ప ఏమీ కనపడలేదు. అద్దానికి లోపల కూడా ఆవిరి పట్టింది, ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పాక పోయింది. బీచుపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన దాటేటప్పుడైతే నాన్న ఆంజనేయస్వామి దండకం అందుకున్నారు. మీరు ఆరున్నర తర్వాతే కదలండి.

కర్నూలులో స్వెటర్లు తీసేశాం, అనంతపురంలో ఏసీ పెంచాం. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది కదా, రాత్రి అక్కడ దిగేసరికి మళ్ళీ శాలువాలు వెతుక్కున్నాం. వాటిని డిక్కీ అడుగున పెట్టకండి.

అసలు చెప్పాలనుకున్నది రెండో రోజు సంగతి. సేలం దాటాక ఎండ ఒక్కసారిగా మీద పడింది. నామక్కల్ దగ్గర నాన్న కళ్ళు తిరుగుతున్నాయన్నారు. పొద్దున్నించి ఆయన రెండు గుక్కలు కూడా నీళ్ళు తాగలేదట. తాగితే మాటిమాటికీ దిగాల్సి వస్తుందని, కారు ఆపమని అల్లుడిని అడగడం మొహమాటమని! నాకు ఏడుపొచ్చింది. దగ్గర్లోని డాక్టరు ఒంట్లో నీళ్ళు తగ్గాయని ఓఆర్‌ఎస్ తాగించి, రెండు గంటలు పడుకోబెట్టారు. ఆ రోజు మదురై వెళ్ళకుండా దిండిగల్‌లోనే ఆగిపోయాం.

మీ అమ్మగారు కూడా అడగరండి. గంటన్నరకోసారి మీరే ఆపి, "నాకే దిగాలనుంది" అనండి. మేం తర్వాత అలాగే చేశాం, నాన్న హాయిగా దిగారు.

హోసూరు తెలుగు:
అక్క చెప్పింది నిజం. ఇంకొకటి అన్నా, ధర్మపురి దాటాక తొప్పూరు కనుమ వస్తుంది. ఏటవాలుగా దిగే రోడ్డు. న్యూట్రల్‌లో మాత్రం దింపొద్దు, తక్కువ గేరులో దింపండి. బరువు లారీలకు అక్కడ బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతుంటాయి, వాటి ముందు ఉండకండి. బెంగళూరులో పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే కనుమ దాటేస్తారు. టైర్ల గాలి కూడా బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడే చూపించుకోండి. మధ్యాహ్నం వేడికి రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయొద్దు.

కొంపల్లి వాసి:
చాలా థాంక్సండి. నల్లకుంట అమ్మాయి గారూ, మా అమ్మ కూడా అచ్చం మీ నాన్నగారిలాగే, నోరు తెరిచి అడగదు. మొదటి రాత్రి బెంగళూరు, రెండో రాత్రి మదురై, మూడో రోజు సాయంత్రానికి కన్యాకుమారి. అక్కడ ఒక్క రాత్రి చాలా?

నల్లకుంట అమ్మాయి:
రెండు రాత్రులకు రూము తీసుకోండి. మేం వెళ్ళిన మొదటి పొద్దున తూర్పంతా మబ్బే. నాన్న ఏమీ అనకుండా రూముకొచ్చి మంచమ్మీద కూర్చున్నారు. ఆ మొహం చూసి ఇంకో రోజు ఉండిపోయాం. మర్నాడు సూర్యుడు నీళ్ళలోంచి ఎర్రగా పైకొస్తుంటే ఆయన చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడ్డారు.