మే నెలాఖరులో పెరుంబాక్కం దగ్గర చాతకం: దీన్ని తొలి రాకగా నమోదు చేయవచ్చా?

వేళచ్చేరి వాసి:

నమస్కారం. కర్తరి వెళ్లిన తర్వాతి ఆదివారం ఉదయం చెన్నైలోని పెరుంబాక్కం చెరువు పక్కన సర్కారు తుమ్మ మీద నలుపు తెలుపుల పక్షి ఒకటి కనిపించింది. తోకతో కలిపి చూస్తే గోరువంక కన్నా పొడవు, కాని ఒళ్లు సన్నం. తల మీద వెనక్కి వాలిన జుట్టు ఉంది, వీపంతా నలుపు, గొంతు నుంచి పొట్ట దాకా తెలుపు. ఎగిరినప్పుడు రెక్కలో తెల్లని మచ్చ, తోక ఈకల చివర తెల్లదనం స్పష్టంగా కనిపించాయి. చాతకమేనని నాకు దాదాపు నిశ్చయమే.

మా అమ్మగారు నాయుడుపేట వైపు పల్లెలో పెరిగిన మనిషి. ఫోనులో ఈ సంగతి చెప్పగానే, చాతకం వచ్చిందంటే మృగశిర కార్తెకు వాన పడి తీరుతుందని అన్నారు. నైరుతి రుతుపవనాలకు కాస్త ముందుగా ఆఫ్రికా నుంచి వచ్చే పక్షి అని పుస్తకాల్లోనూ ఉంటుంది. అయితే పక్షులు చూసినవారు తమ లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో వెతికితే తమిళనాడులో దీన్ని జనవరిలో చూసినవారు కూడా ఉన్నారు. జూన్‌లో రావలసిన పక్షికి జనవరిలో ఇక్కడేమి పని? నేను చూసినదాన్ని ఈ ఏటి తొలి రాకగా రాసుకోవచ్చా, లేక ఇక్కడే కాపురమున్న పక్షి అనుకోవాలా?

ఇంకొక మాట. పక్షుల అభయారణ్యమైన వేడంతాంగల్‌లో గూళ్లన్నీ ఖాళీ అయ్యాయి, వలస బాతులు వెళ్లిపోయాయి. ఎండలు తగ్గీ తగ్గని ఈ రోజుల్లో చెన్నై చుట్టుపక్కల ఎక్కడికి వెళ్తే వెళ్లినందుకు ఫలితం ఉంటుందో తెలిసినవారు చెప్పగలరు.

అడయారు దుర్భిణి:

వేళచ్చేరి వాసి గారికి, మీ వర్ణనలో జుట్టు, రెక్క మచ్చ, తోక చివరి తెలుపు మూడూ ఉన్నాయి కనుక పక్షి విషయంలో సందేహం అక్కరలేదు. మన తోటల్లో తెల్లవారకముందే పాడే మాగ్‌పై రాబిన్ కూడా నలుపు తెలుపుల్లోనే ఉంటుంది గాని, దానికి జుట్టు ఉండదు, మగదానికి గొంతు కూడా నల్లగానే ఉంటుంది.

మీ అసలు ప్రశ్నకు జవాబు ఏమిటంటే, మన దేశంలో కనిపించే చాతకాలన్నీ ఒకే తీరువి కావు. మధ్య భారతంలోనూ ఉత్తరాదిలోనూ రుతుపవనాలతో పాటు కనిపించేవి తూర్పు ఆఫ్రికా నుంచి అరేబియా సముద్రం దాటి వచ్చేవి. అవి ఇక్కడ గుడ్లు పెట్టి, వానలు వెనకబడ్డాక తిరిగి వెళ్తాయి. దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ ఉండేవి ఒళ్లు కాస్త చిన్నవి, వాటిలో ఎక్కువ భాగం ఏడాది పొడుగునా ఈ ప్రాంతాల్లోనే తిరుగుతాయి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ 2020లో రెండు చాతకాలకు ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు కట్టి వదిలినప్పుడు పత్రికల్లో వచ్చిన కథనాలన్నీ ఉత్తరాది పక్షులవే. ఆ కథను తెచ్చి పెరుంబాక్కం తుమ్మచెట్టుకు తగిలించడం వల్లనే మీకు జనవరి లెక్క వింతగా తోస్తున్నది.

మీరు చూసినది ఈ రెంటిలో ఏదన్నది గట్టు మీద నిలబడి తేల్చడం సాధ్యం కాదు. పరిమాణంలో తేడా ఉన్నా, పక్కన పోల్చడానికి రెండోది లేకుండా ఆ తేడా కంటికి అందదు. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం 2007లో మొదలుపెట్టిన మైగ్రంట్‌వాచ్ కార్యక్రమంలో, వలస పక్షి ఆ ఏడాది మొదటిసారి కనిపించిన తేదీని ఎవరి ఊరి నుంచి వారు పంపేవారు, చాతకం తేదీలను కూడా అలాగే సేకరించారు. భోపాల్‌లోనో జైపూర్‌లోనో ఉన్నవారికి అది నిజంగా పనికివచ్చే లెక్క. మన దగ్గర అదే పందెం పెడితే జనవరి ఒకటో తేదీన చెరువుకు వెళ్లినవారే గెలుస్తారు. అందువల్ల నమోదులో రాక అనే మాట వద్దు. తేదీ, చోటు, ఎన్ని పక్షులు, ఏ చెట్టు, ఆ సమయంలో అది ఏం చేస్తున్నది అనేవి రాయండి. చివరిది చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది అదే. అది కూస్తున్నదా, మౌనంగా మేస్తున్నదా, మరొక చాతకాన్ని తరుముతున్నదా అన్నది ఫొటో చెప్పదు.

మేత సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను. ఇతర పక్షులు చాలావరకు జోలికి పోని నూగు గొంగళి పురుగులను ఇది ఇష్టంగా తింటుంది. పురుగును ముక్కుతో ఒక చివర పట్టుకొని, రెండో చివర దాకా నొక్కుకుంటూ పోయి, లోపలి పేగును బయటికి పిండేసి అప్పుడు మింగుతుంది. బైనాక్యులర్‌తో ఓపికగా చూస్తే ఇది పూర్తిగా కనిపిస్తుంది. వాన చినుకులు తప్ప మరేదీ తాగదని పేరు పడ్డ పక్షి భోజనం ఇది!

సూళ్లూరుపేట మేష్టారు:

అమ్మాయీ, దుర్భిణి గారు చెప్పినదానితో నాకు పేచీ లేదు. కాని మీ అమ్మగారి మాటను పూర్తిగా తీసిపారేయవద్దని ఈ జవాబు రాస్తున్నాను. ఉద్యోగ విరమణ తరువాత పెరంబూరులో స్థిరపడినా, మా పొలాలు ఇంకా అటువైపే ఉన్నాయి.

పల్లెల్లో ఎవరూ బైనాక్యులర్ పెట్టుకొని చాతకాన్ని వెతకలేదు, దాన్ని విన్నారు. చలికాలంలో ఈ పక్షి పొదల నడుమ సద్దు లేకుండా పురుగులు ఏరుకుంటుంది, పక్క నుంచి నడిచి వెళ్లినా దాని ఉనికి తెలియదు. రోహిణి కార్తెలో ఒకటి రెండు గాలివానలు పడి, ఎండిన తుమ్మలూ రేగుపొదలూ చిగురించే సమయానికి దానికి గొంతు వస్తుంది. అప్పుడు ఎత్తయిన కొమ్మ చివర కూర్చొని, లోహం మీద కొట్టినట్టు ఖంగుమనే గొంతుతో, పియూ పియూ అని పొద్దస్తమానం అరుస్తుంది. జంటలు ఒకదాన్నొకటి తరుముకుంటూ చేల మీదుగా ఎగురుతాయి. ఇన్నాళ్లూ అక్కడే ఉన్న పక్షి వినబడగానే, వచ్చిందని జనం అనుకోవడంలో తప్పేముంది? మారినది పక్షి ఉన్న చోటు కాదు, దాని నడవడి. ఆ నడవడిని తొలి జల్లులతో ముడిపెట్టిన మీ అమ్మగారి తరం సరిగానే గమనించింది.

ఆ గొంతు ఎవరి గూటి కోసమో మీరే చూడవచ్చు. చాతకం కూడా కోకిల జాతిదే, గూడు కట్టదు. మన ఊళ్లలో గుంపులుగా తిరుగుతూ, ఎండుటాకులు తిరగేస్తూ, క్షణం నోరు మూయని బూడిద రంగు బాబ్లర్లు ఉన్నాయి కదా, ఏడుగురు అక్కచెల్లెళ్లని పేరు పడినవి, గుడ్లు పెట్టేది వాటి గూళ్లలోనే. బాబ్లర్ గుడ్డు ముదురు నీలి ఆకుపచ్చ రంగులో నిగనిగలాడుతుంది, చాతకం గుడ్డుదీ ఇంచుమించు అదే రంగు. కోకిల జాతుల్లో కొన్నింటి పిల్లలు కళ్లు తెరవకముందే తోటి గుడ్లను గూటి నుంచి నెట్టేస్తాయి గాని, చాతకం పిల్ల ఆ పని చేయదు. బాబ్లర్ పిల్లలతో కలిసే పెరుగుతుంది, ఎక్కువ అరిచి ఎక్కువ మేత రాబట్టుకుంటుంది. జూలై, ఆగస్టు నెలల్లో బాబ్లర్ల గుంపు వెంట, వాటికన్నా పెద్దదిగా ఉండి నోరు తెరుచుకొని అడుక్కునే పిల్ల ఏదైనా కనిపిస్తే దాన్ని వదలకుండా చూడండి. తల్లి పక్షిని చూసిన రోజు కన్నా ఆ రోజు రాసుకోదగినది.

వాన విషయంలో మాత్రం మీ అమ్మగారితో నాది సగం ఏకీభావమే. చెన్నైకైనా మా నెల్లూరు వైపుకైనా ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. మృగశిరకు పడేది దుక్కికి సరిపోయే జల్లు, చెరువు నింపే వాన కాదు. చాతకం అరిచిందని మా వైపు ఎవరూ నారు పోయరు.

తొరైపాక్కం ఉద్యోగి:

రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను, వారాంతాల్లో నా తిరుగుడంతా ఈ చెరువుల వెంటే.

దూరం పోనవసరం లేదు, పళ్లికరణై చిత్తడినేలకు వెళ్లండి. 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రాంసార్ జాబితాలో చేరిన ఈ చోటికి జనం డిసెంబరు, జనవరి నెలల్లోనే వస్తారు. నన్నడిగితే జూన్ అంతకన్నా మంచిది. శీతకాలంలో ఇక్కడ పక్షులు తిని నిద్రపోతాయి, ఇప్పుడైతే కాపురాలు చేస్తాయి. నీటి మొక్కల ఆకుల మీద నడిచే జకానాలకు ఈ కాలంలోనే కొడవలిలా వంగిన పొడవాటి తోకా, మెడ వెనుక బంగారు వన్నె పట్టీ వస్తాయి. వాటిలో ఆడది ఒక్కొక్క మగదానికి గుడ్లు పెట్టి తన దారిన వెళ్లిపోతుంది. పొదిగేదీ, పిల్లలను సాకేదీ మగదే.

గులాబీ రంగు పొడవాటి కాళ్లతో ఉండే స్టిల్ట్‌లు ఎండిన అడుసు మీద చిన్న గుంట చేసి, నాలుగు పుల్లలు పేర్చి గుడ్లు పెడతాయి. నీడ అనేదే ఉండదు. పది గంటలకే నేల కాలిపోతుంటుంది. అప్పుడు ఆ పక్షి నీటిలోకి వెళ్లి మోకాళ్లు వంచి, పొట్ట ఈకలను బాగా తడుపుకొని, నీరు కారుతుండగానే నడిచి వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. తడి ఆరగానే మళ్లీ వెళ్తుంది. దూరం నుంచి చూడదలచినవారికి ఇంతకన్నా మంచి దృశ్యం ఈ నగరంలో లేదు. దగ్గరికి వెళ్తే మాత్రం అది గూడు వదిలి నెత్తి మీద ఎగురుతూ అరుస్తుంది, ఆ కాసేపట్లో గుడ్లు ఎండకు ఉడికిపోతాయి, లేదా కాకి చూసేస్తుంది. గూడు ఫొటో కోసం బురదలోకి దిగేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తొరైపాక్కం-పల్లావరం రోడ్డు వైపు నుంచే చాలా కనిపిస్తాయి, లోపలికి దిగవలసిన అవసరమే లేదు.

నన్మంగళం అడవిలో పాత రాతి క్వారీల అంచుల మీద కొమ్ముల గుడ్లగూబలు ఉంటాయి. తెల్లవారుజామున గాని సాయంత్రం గాని మంచి సమయం, అటవీ శాఖ వారిని అడిగి వెళ్లండి. అక్కడి రాళ్ల మీద మగ తొండలకు ఈ నెలల్లో తలా గొంతూ ఎర్రబడి ఉంటాయి, పక్షులు కనిపించకపోయినా అవి నిరాశపరచవు.

మేష్టారు గారి సూళ్లూరుపేటకు చెన్నై నుంచి లోకల్ రైలు ఉంది గాని, ఇప్పుడు పులికాట్ ఉత్తర భాగం చాలావరకు ఎండి పగుళ్లు తేలి ఉంటుంది. రాజహంసల కోసమైతే చలికాలం దాకా ఆగవలసిందే. అయినా నీరు మిగిలిన చోట్ల నీటి అంచున మేసే చిన్న ఉల్లంకి పక్షుల జాతులు కొన్ని తిరుగుతుంటే ఆశ్చర్యపోకండి. సైబీరియా వైపు గూళ్లు కట్టే వీటిలో ఇంకా ఈడు రాని పక్షులు తొలి వేసవిలో అంత దూరం వెళ్లకుండా మన తీరంలోనే ఉండిపోతాయి. పెద్దవి జూలై చివరి వారం నుంచి ఒకటొకటిగా తిరిగి రావడం మొదలుపెడతాయి. చెరువు అంచున తోక ఎగరేస్తూ ఒంటరిగా నడిచే కామన్ శాండ్‌పైపర్ ఈ తొలి విడతలోదే. తొలి రాక తేదీ రాసుకోవాలని మీకు అంత ఉత్సాహం ఉంటే, చాతకాన్ని వదిలి ఆ పక్షి కోసం ఆగస్టులో ఎదురు చూడండి.

వేళచ్చేరి వాసి:

ముగ్గురికీ ధన్యవాదాలు. నమోదును సరిచేశాను: ఒక పక్షి, సర్కారు తుమ్మ, కూత లేదు, కొమ్మల నడుమ మేత. మేష్టారు గారి మాట అమ్మకు చదివి వినిపిస్తే, దుక్కి జల్లు కూడా వానేనని, తాను నారు పోయమని ఎవరికీ చెప్పలేదని అన్నారు. మరొక సందేహం. కూత వినిపిస్తే జంట అక్కడ ఉన్నదో లేదో తెలుస్తుందని, ఫోనులో చాతకం కూత పెట్టి చూడమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అలా చేయవచ్చా?

అడయారు దుర్భిణి:

చేయవద్దు. ఈ నెలల్లో ఫోనులో కూత పెడితే, తన హద్దులోకి మరొకటి చొరబడిందని అది మేత మాని, గూళ్లు వెతకడం మాని వెతుక్కుంటూ వస్తుంది. మీకు దొరికే సమాధానం కూడా నిజమైనది కాదు, ఎందుకంటే అది తనంతట తాను ఎప్పుడు కూయడం మొదలుపెట్టిందన్నదే మనకు కావలసిన సంగతి. ఉదయం ఆరు గంటల లోపు అదే గట్టుకు వెళ్లి, బాబ్లర్ల గుంపు ఏ పొద చుట్టూ తిరుగుతున్నదో ముందు చూడండి. చాతకం అక్కడికి దగ్గరలోనే ఉంటుంది. మొదటి కూత విన్న తేదీని ఇక్కడ రాస్తే, మేష్టారు గారు తమ పొలం దగ్గర విన్న తేదీతో పోల్చి చూడవచ్చు.