రెండు చీటీలు, రెండు కొలెస్ట్రాల్ మందులు: రెండూ వేసుకోవచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మా మామగారికి 67 ఏళ్లు. నిరుడు విశాఖలో స్టెంట్ వేశారు. అప్పటి నుంచి అక్కడ రాసిన క్యాప్సూల్ ఒకటి రాత్రి వేసుకుంటున్నారు. పోయిన నెల ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 118 ఉందని ఇక్కడి డాక్టరు గారు అటోర్వాస్టాటిన్ 20 రాశారు. విశాఖ చీటీ ఆయనకు చూపించలేదు. ఇప్పుడు రెండూ వేసుకుంటున్నారు. వారం నుంచి తొడలు, పిక్కలు పట్టేస్తున్నాయంటున్నారు. క్యాప్సూల్ పవర్ ఎక్కువ, అది ఆపేయమని పక్కింటివాళ్లు చెబుతున్నారు. ఏది ఆపాలి? స్ట్రిప్ ఫొటో పెట్టాను.

జవాబు (బరంపురం, మందుల షాపు):
అమ్మా, క్యాప్సూల్ మాత్రం ఆపకండి. ఫొటోలో బ్రాండు పేరు కింద చిన్న అక్షరాలు చూడండి: రోసువాస్టాటిన్ 10, ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75. మూడు మందులు ఒకే గొట్టంలో ఉన్నాయి. చివరి రెండూ స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా చూసేవి. కొలెస్ట్రాల్ మాత్ర అనుకుని దీన్ని మానేస్తే అవీ ఆగిపోతాయి. స్టెంట్ మూసుకుపోతే గుండెపోటే.

ఇక రోసువా, అటోర్వా రెండూ స్టాటిన్లే. కొలెస్ట్రాల్ మందు పేరు చివర ‘స్టాటిన్’ అని ఉంటే ఒకే జాతి అని గుర్తుపెట్టుకోండి. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గించడమే రెండింటి పని. వాటిని కలిపి వాడరు. స్టాటిన్ డోసు రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే, కండరాల బాధ మాత్రం పెరుగుతుంది. స్టెంట్ ఉన్నవారికి ఎల్‌డీఎల్ 70 లోపు ఉండాలంటారు కాబట్టి 118 చూసి మందు పెంచాలనుకోవడం సబబే. కాకపోతే ఆ డాక్టరుకు పాత చీటీ కనబడలేదు. ఈ రోజే ఇద్దరిలో ఎవరికైనా ఫోన్ చేసి రెండు స్ట్రిప్పులూ చదివి వినిపించండి. విడిగా ఇచ్చిన అటోర్వా ఆపమని చెప్పవచ్చు, కానీ ఆ మాట వాళ్ల నోటి నుంచే రావాలి.

మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, మెట్లెక్కలేనంత నీరసం వచ్చినా ఫోన్‌తో సరిపెట్టొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కండరాలు కరిగి కిడ్నీలు దెబ్బతినే పరిస్థితి అది. అరుదే, కానీ రెండు స్టాటిన్లు పడుతున్న మనిషి విషయంలో చూస్తూ కూర్చోకూడదు.

జవాబు (రాయగడ నుంచి):
గ్యాస్ సిరప్ తాగే అలవాటుందా? అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న సిరప్‌తో రోసువా సరిగా ఒంటబట్టదు. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతే తాగాలి. అసలు ఎల్‌డీఎల్ తగ్గకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. మా ఇంట్లోనైతే వెల్లుల్లి నములుతూ మాత్ర మానేస్తామనే పెద్దలూ ఉన్నారు, వాళ్లకు చెప్పలేక చస్తున్నాం.

మళ్లీ పర్లాకిమిడి నుంచి:
విశాఖకు ఫోన్ చేశాం. అటోర్వా ఆపమన్నారు, క్యాప్సూల్ కొనసాగించమన్నారు. రేపు చేయించమని సీపీకే (కండరాలకు), క్రియాటినిన్ (కిడ్నీలకు), ఎస్‌జీపీటీ (కాలేయానికి) పరీక్షలు రాశారు. మూత్రం రంగు మామూలుగానే ఉంది. గ్యాస్ సిరప్ రోజూ క్యాప్సూల్ వెంటే తాగుతున్నారట! ఇంకో మాట. పెరట్లో పంపర పనస కాసింది. తినొచ్చా?

జవాబు (బరంపురం, మందుల షాపు):
సిరప్ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. దాన్ని సర్దితే ఎల్‌డీఎల్ ఎంత దిగుతుందో 4 నుంచి 12 వారాల్లో మళ్లీ పరీక్ష చేసి చూస్తారు. అప్పటికీ చాలకపోతే పేగుల్లో కొలెస్ట్రాల్ పీల్చుకోకుండా ఆపే ఎజెటిమైబ్ కలుపుతారు. అది స్టాటిన్ కాదు, రోసువాతో కలిపి వాడవచ్చు.

పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ లాంటివి అటోర్వా, సిమ్వాస్టాటిన్‌లను ఒంట్లో పేరుకునేలా చేయవచ్చు. రోసువాకు ఆ బెడద దాదాపు లేదు. కానీ క్యాప్సూల్‌లోని క్లోపిడోగ్రెల్ పనిని ఇవి తగ్గించవచ్చు, అందుకే అటోర్వా ఆపాక కూడా డాక్టరును అడిగాకే తినాలి. జలుబో జ్వరమో అని ఎవరైనా క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే మాత్రం ఈ క్యాప్సూల్ స్ట్రిప్ చూపించండి. ఇకపై ఏ ఊరి డాక్టరు దగ్గరికెళ్లినా రెండు చీటీలూ ఒకే కవర్లో పెట్టుకుని వెళ్లండి.