కప్పలి, జోంగు, పొగవాడ: ఆ పటంలోని ఓడను ఏమని పిలవాలి?

కావలి తమ్ముడు వాళ్ల తాతగారింటి గోడ మీది ఓడ పటాన్ని ఫొటో తీసి మన గుంపులో పెట్టి, "దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. ఒకరు తెరచాప ఓడ అన్నారు. ఇంకొకరు నడిమధ్య పొగగొట్టం చూపించి స్టీమరు అన్నారు. చాపలూ పొగా రెండూ ఒకే ఓడకు ఎలా ఉంటాయి, ఇది బొమ్మ గీసినవాడి ఊహ అని మూడో ఆయన తేల్చేశారు. ఆ మూడో మాట నాకు గుచ్చుకుంది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

అలాంటి ఓడలు నిజంగా ఉండేవి. ఒకటీ రెండూ కాదు, పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద పెద్ద కంపెనీలు నడిపినవి అవే. తొలి రోజుల ఇంజన్లు బొగ్గును మేసేవి. దారిలో బొగ్గు దొరికే రేవులు తక్కువ. ఓడ కడుపంతా బొగ్గుతో నింపితే సరుకు ఎక్కడ వేస్తారు? నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే దిక్కెవరు? అందుకని గాలి ఉంటే చాప, గాలి పడిపోతే పొగ. 1825లో లండన్ నుంచి కలకత్తా వచ్చిన ఎంటర్‌ప్రైజ్ అనే స్టీమరు కూడా దారిలో చాలా రోజులు చాపల మీదే నడిచింది.

ఇక మాట సంగతి. మాది కొత్తపట్నం. మా నాయనమ్మ స్టీమరును "పొగవాడ" అనేది. చిన్నప్పుడు ఆమె తప్పు పలుకుతోందనుకున్నాను. కాదు. ఓడకు వాడ అనే రూపం ఈ తీరంలో పాతదే. చీరాల దగ్గరి వాడరేవు అంటే ఓడరేవే. వాడబలిజల పేరులో ఉన్నదీ ఈ వాడే. ఆవిరి ఓడ, ధూమనౌక అనేవి పుస్తకం ముందు కూర్చుని కట్టిన మాటలు. పొగవాడ ఒడ్డున నిలబడి చూసినవాళ్ల మాట. సముద్రం అంచున ముందు పొగ కనబడుతుంది, తర్వాత చాపలు కట్టే నిలువు కొయ్యలు, చివరికి ఓడ ఒళ్లు. లోపల ఆవిరి ఉందని ఒడ్డు మీది మనిషికి ఎలా తెలుస్తుంది? రైలును పొగబండి అన్నదీ ఆ కళ్లే.

మన నెల్లూరుతో ముడిపడిన ఒక పద్యం ఇక్కడ తలుచుకోవాలి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయ్య శెట్టికి అంకితమిచ్చాడు. ఆ శెట్టి గారి వంశాన్ని విక్రమసింహపురితో, అంటే నెల్లూరుతో కలిపి చెబుతారు. సముద్ర వ్యాపారంలో ఆయన ఎంత మొనగాడో చెప్పే మత్తేభంలో మూడో పాదం చూడండి:

"శరధిం గప్పలి జోంగు వల్లి వలికా సమ్మన్లఁ దెప్పించు నే"

నేర్పరి అనే మాటలో మొదటి అక్షరం ఈ పాదం చివర, మిగతాది తర్వాతి పాదంలో. శకార సకారాల యతి చక్కగా కుదిరింది. నన్ను పట్టేసింది మాత్రం ఆ జాబితా. ఒక్క పాదంలో అయిదు రకాలు! కప్పలి అంటే పెద్ద ఓడ. తమిళం, మలయాళాల్లో కప్పల్, మలయ భాషలో కపాల్. జోంగు తూర్పు దీవుల వాళ్ల జోంగ్. ఇంగ్లీషువాళ్ల జంక్ కూడా ఆ వైపు నుంచి వచ్చిన మాటే. సమ్మను అనగానే చైనా వాళ్ల సంపాన్ పడవ గుర్తొస్తుంది. గంధం, కర్పూరం, కస్తూరి తెప్పించాడని చెప్పి కవి ఊరుకోవచ్చు. ఏయే ఓడల్లో వచ్చాయో కూడా చెప్పాడు, వినేవాళ్లకు ఆ తేడా తెలుసు కాబట్టే. తమిళుల నోట కప్పల్ ఇవాళ్టికీ నిక్షేపంగా ఉంది. మన నోట కప్పలి జారిపోయి అన్నీ ఓడలే అయ్యాయి.

పేరు పెట్టాలంటే ముందు చూడాలి. తమ్ముడి పటాన్ని పెద్దది చేసి కొయ్యల దగ్గర మొదలుపెట్టాను. మూడు కొయ్యలున్నాయి. ముందు రెండింటికీ అడ్డకర్రలు, వాటికి వేలాడే నలుచదరపు చాపలు. వెనక కొయ్యకు అడ్డకర్ర లేదు, ఓడ పొడుగునా తిరిగే చాప ఒక్కటే. ఈ అమరికను బార్క్ అంటారు. మూడింటికీ అడ్డకర్రలుంటే అది వేరే రకం. రెండే కొయ్యలుండి రెండింటికీ అడ్డకర్రలుంటే బ్రిగ్. కొయ్యలు లెక్కపెట్టి ఊరుకుంటే సగం పనే అయినట్టు, వాటికి ఏం కట్టారో చూడాలి.

తర్వాత పక్కలు. కొన్ని స్టీమర్లు రెండు పక్కలా పెద్ద చక్రాలు తిప్పి నీటిని తోసుకుంటూ పోయేవి. ఒడ్డు నుంచి చూసేవాడికి కొట్టొచ్చినట్టు కనబడే ఆ గుండ్రటి చక్రాల పెట్టెలు ఈ ఓడకు లేవు. అంటే నీటి అడుగున తిరిగే పంకా ఉన్న ఓడ. పొగగొట్టం కనబడకపోతే స్టీమరు కాదని మాత్రం అనకండి. 1860లో నీళ్లలోకి దిగిన వారియర్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకలో గొట్టాలను కిందికి దించి, పంకాను పైకి లాగి, చాపల మీద పోయే ఏర్పాటు ఉండేది. ఆ సమయంలో ఫొటో తీసి ఉంటే మనమంతా తెరచాప ఓడే అని ఒట్టేసేవాళ్లం.

ఒకే ఓడ రెండు పటాల్లో రెండు రకాలుగా ఉండొచ్చు. 1843లో జలప్రవేశం చేసిన గ్రేట్ బ్రిటన్‌కు మొదట ఆరు కొయ్యలు. తర్వాత మూడుకు తగ్గించారు. 1882లో ఇంజన్లే పీకేసి ఉత్త చాపల ఓడగా మార్చారు. కాబట్టి పటంలో కనబడేది ఆ ఓడ బతుకులో ఒక రోజు మాత్రమే.

ఇంతవరకు రాసి పెట్టగానే ఒంగోలు అక్కయ్య ఒక ప్రశ్న వేశారు: "పొగ వెనక్కి పోతోంది, జెండా ముందుకు ఎగురుతోంది. మరి ఇది ఊహ కాదా?" మంచి పట్టు, అక్కయ్యా. వెనక నుంచి వచ్చే గాలి కంటే ఓడ జోరుగా పోతుంటే పొగ వెనక్కి పోవచ్చు, కానీ అప్పుడు జెండా కూడా వెనక్కే ఎగరాలి. చిత్రకారుడు జెండా దగ్గర తప్పు చేశాడనే నేనూ అనుకుంటున్నాను. అయితే అడ్డకర్రల తాళ్లు ఒక్కొక్కటీ సరిగ్గా వేశాడు. ఓడను చూసి గీసి, జెండాను అందం కోసం కలిపి ఉంటాడు.

అంతలో తమ్ముడు పొగగొట్టం మటుకు దగ్గరగా తీసి పంపాడు. నల్లటి గొట్టం, దాని మీద రెండు తెల్ల పట్టీలు. నాకు ఒళ్లు జలదరించింది. అది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ గుర్తు. 1856లో కలకత్తా, బర్మాల మధ్య నడవడానికి పుట్టిన కంపెనీ, 1862లో ఈ పేరు పెట్టుకుంది. రంగూన్ వెళ్లిన మన తెలుగువాళ్లలో ఎందరో ఎక్కింది ఆ ఓడలే. మీ తాతల్లో ఎవరైనా రంగూన్ వెళ్లారేమో ఇంట్లో అడుగు, తమ్ముడూ. ఓడ ఏనాటిదంటావా, 1856కు ముందుది కాదు. 1880ల్లో ఆవిరిని మూడుసార్లు వాడుకునే ఇంజన్లు వచ్చి బొగ్గు ఖర్చు తగ్గాక అడ్డకర్రలు ఒక్కొక్కటే పోయాయి, కొయ్యలు సరుకు ఎత్తడానికి మిగిలాయి. నీ ఓడకు రెండు కొయ్యల మీద నిండా ఉన్నాయి. ఆ మార్పుకు ముందుదే అయ్యుంటుంది.

"అయితే పటం కింద ఏమని రాయమంటారు అన్నా?" అన్నాడు.

"మూడు కొయ్యల పొగవాడ" అని రాయి. ఓడ పేరుకు చోటు వదిలిపెట్టు. చట్రం వెనక అట్ట జాగ్రత్తగా విప్పి చూడు, అచ్చు వేసినవాళ్లు ఓడ పేరు అడుగున వేసి ఉంటే చట్రం కింద దాగిపోయి ఉండొచ్చు. అప్పటిదాకా పెన్సిలుతోనే రాయి.