పద్మిని ముందు స్ప్రింగులు కోస్తే బండి రోడ్డుకు అతుక్కుంటదా, ఆగమైతదా?

ఓరుగల్లు_పద్మిని:
అన్నలందరికీ నమస్తే. మా బాపు కొన్న 1985 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు హన్మకొండల మా ఇంట్లనే ఉన్నది. ఇంజన్ పోయిన ఏడు చేయించిన, మంచిగనే నడుస్తున్నది. బాధంతా ముందు భాగంతోనే. ములుగు మీదికెళ్ళి లక్నవరం పోయేటప్పుడు మలుపుల కాడ 60ల ఉన్నా బండి ఒక పక్కకు ఒరిగిపోతది, స్టీరింగ్ తిప్పినంక కొద్దిగ ఆగి అప్పుడు తిరుగుతది, బ్రేక్ కొడితే మూతి కిందికి పోతది. ఆటోనగర్ల ఒక మెకానిక్ ముందు స్ప్రింగులు చెరి ఒక చుట్టు కోస్తే బండి కిందికి దిగి గట్టిగైతది, ఒక్క పూటల పని అంటున్నడు. ఇంకొకాయన అసలు ముట్టుకోవద్దన్నడు. రోజూ తిరిగే బండి కాదు గని పిల్లల్ని ఎక్కించుకొని పోత, అందుకే అడుగుతున్న. కోయాల్నా వద్దా?

కాజీపేట_పోరడు:
కోయించు అన్నా, ఏం కాదు. నేను మూడేండ్ల కింద నా బండికి కోయించిన, చూడ్డానికి కూడా మస్తుంటది, జనగామ దాకా హైవే మీద 80ల పోయినా ఊగుడు లేదు. అసలైతే స్ప్రింగులతోని ఆగొద్దు, ముందు భాగం మొత్తం తీసేసి కొత్త కాలం కార్లది స్ట్రట్ సస్పెన్షన్, అంటే స్ప్రింగు, షాకబ్జర్ కలిపి ఒకే నిలువు కడ్డీల ఉండేది, డిస్క్ బ్రేకులతోని సహా ఎక్కించుకోవాలె. 1953ల ఇటలీల వచ్చిన ఫియట్ 1100 డిజైన్ అది, ఇప్పటి హైవేలకు ఏం సరిపోతది చెప్పు.

స్టాక్_బండి:
దండం పెట్టి చెప్తున్న, కోయకు తమ్మీ. ఇసొంటి బండ్లు మన జిల్లాల ఎన్ని మిగిలినయో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంకో సంగతి, మోటారు వాహనాల చట్టంల 52వ సెక్షన్ ఉన్నది, కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు, 2019ల సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగ చెప్పింది. 2021ల వింటేజ్ బండ్ల రూల్స్ వచ్చినయి, 50 ఏండ్లు దాటిన బండికి వీఏ సిరీస్ నంబర్ ఇస్తరు, కానీ చాసిస్, బాడీ, ఇంజన్ మార్చిపారేసిన బండి దానికి పనికిరాదు. నీ బండి 2035ల ఆ వయసుకొస్తది, పదేండ్ల కోసం ఇప్పుడు కోసి అప్పుడు బాధపడకు. స్ట్రట్ ఎక్కియ్యాలంటే బాడీకే వెల్డింగ్ పడుతది, పద్మినికి వేరే చాసిస్ లేదు, బాడీయే చాసిస్.

కాజీపేట_పోరడు:
అన్నా, బండి నడిపేందుకా, మ్యూజియంల పెట్టేందుకా? పిల్లలు కూసున్న బండి మలుపుల ఒరుగుతుంటే ఒరిజినల్ అని సంబురపడుతమా?

హంటర్_రోడ్_లేత్:
ఇద్దరు చెప్పిన దాంట్ల సగం సగం నిజమున్నది, నన్ను కొంచెం వివరంగ చెప్పనియ్యుండ్రి, ముప్పై ఏండ్ల సంది బండ్ల కిందనే ఉన్న.

మొదలు డిజైన్ సంగతి. పద్మిని ముందు చక్రాన్ని పట్టుకునేందుకు పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, మధ్యల కాయిల్ స్ప్రింగు, దాన్నే డబుల్ విష్‌బోన్ అంటరు, రేస్ కార్లకు కూడా ఇదే లెక్క వాడుతరు. అది పాతదని తీసిపారేసేది కాదు. స్ట్రట్ల బరువంతా పైన మడ్‌గార్డు లోపలి రేకు మీద పడుతది, పద్మిని రేకు ఆ బరువు కోసం కట్టింది కాదు, మూల ఎంత గట్టిగ వెల్డ్ చేసినా గుంతల తొవ్వ మీద పగులు పడుతది. భూపాలపల్లి బొగ్గు లారీలు తొక్కిన రోడ్లు మీకందరికీ తెలుసు కదా.

ఇగ కోసుడు. స్ప్రింగ్ గట్టిదనం చుట్ల మీద ఉంటది, 8 చుట్లు పనిచేసేదాంట్ల ఒకటి కోస్తే 8 భాగాల ఏడు మిగిలినయి, అంటే గట్టిదనం పెరిగేది 14 శాతమే. కానీ బండి దిగేది దానికంటె చాలా ఎక్కువ, ఎందుకంటే స్ప్రింగు చక్రం దగ్గర ఉండదు, లోపలికి ఆర్మ్ మధ్యల ఉంటది, స్ప్రింగు కాడ ఒక అంగుళం తగ్గితే చక్రం కాడ అంతకంటె ఎక్కువ తగ్గుతది. మరి గంత దిగినంక ఏమైతది? కింద ఆర్మ్‌లు వాటి కోణం తప్పి పైకి లేస్తయి, బండి ఒరిగేటప్పుడు అది తిరిగే కేంద్రం, దాన్ని రోల్ సెంటర్ అంటరు, బండి బరువు దిగినదానికంటె ఎక్కువ కిందికి పోతది. దాంతోని కిందికి దించిన బండి ఒక్కోసారి ఎక్కువ ఒరుగుతది. గట్టిగ అనిపించేదేందంటే బంప్ స్టాప్, అంటే ఆర్మ్ మరీ పైకి పోకుండ ఆపే రబ్బరు, తగులుడే, మెత్తగున్నది ఒక్కసారి గట్టిగైతది, అప్పుడే మలుపుల ముందు టైరు జారుతది. చక్రాలను తిప్పే కడ్డీలు, స్టీరింగ్ టై రాడ్లు, కూడా ఆర్మ్‌లతోని సమానంగ ఊగకపోతే గుంతల పడ్డప్పుడల్లా చక్రాలు వాటంతట అవే లోపలికో బయటికో తిరుగుతయి, దాన్ని బంప్ స్టీర్ అంటరు. గ్యాస్ తోని కాల్చి దించేటోళ్ళ దగ్గరికి అసలే పోవద్దు, స్ప్రింగు ఉక్కు పదును పోయి రెండు నెలల్ల కూలబడుతది.

తమ్మీ ఓరుగల్లు, నువ్వు చెప్పిన లక్షణాలు స్ప్రింగు మెత్తదనానివి అనిపిస్తలేవు. తిప్పినంక ఆగి తిరుగుడు, అది ఆర్మ్‌ల కీళ్ళ కాడుండే రబ్బరు బుష్‌లు, జాయింట్లు, స్టీరింగ్ బాక్స్ ఆట. 40 ఏండ్ల రబ్బరు అది. బండిని జాకీ మీద లేపి స్టాండ్లు పెట్టి, ఎవరన్నా స్టీరింగ్ అటిటు తిప్పుతుంటే కింద చూడు, ఏది ముందు కదులుతుందో ఏది ఆగుతుందో కండ్లకు కనిపిస్తది. స్టీరింగ్ బాక్స్‌కు అవతలి పక్క స్టీరింగ్ కడ్డీలను పట్టుకునే ఐడ్లర్ ఆర్మ్ మర్చిపోకు.

కాజీపేట_పోరడు:
కాకా, మీ మాటకు గౌరవమే గని నా బండి నిజంగనే మంచిగైంది, నేను నడుపుతున్న కదా.

హంటర్_రోడ్_లేత్:
నువ్వు అప్పుడే టైర్లు, షాకబ్జర్లు మార్చినవా తమ్మీ?

కాజీపేట_పోరడు:
అవును కాకా. మొత్తం ఒకేసారి చేయించిన. రేడియల్ టైర్లు కూడా అప్పుడే.

హంటర్_రోడ్_లేత్:
మరి పేరు స్ప్రింగుకు ఎట్ల వచ్చింది? కంపెనీ ఇచ్చినవి 5.20 సైజు 14 అంగుళాల పాత రకం క్రాస్‌ప్లై టైర్లు, అవి తీసి రేడియల్ వేస్తేనే బండి వేరేగుంటది. వేసేటప్పుడు నాలుగూ వేయాలె. ముందు రెండు రేడియల్, వెనక పాతవి పెడితే తడి రోడ్డు మీద వెనక భాగం పక్కకు పోతది, ప్రాణం మీదికొస్తది.

స్టాక్_బండి:
యాంటీ రోల్ బార్, అంటే ఒరుగుడు తగ్గించేందుకు రెండు పక్కల చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ, లావుది వేద్దామనేటోళ్ళున్నరు, దాని సంగతి కూడా చెప్పుండ్రి. నాకైతే అది కూడా వద్దనే ఉన్నది.

హంటర్_రోడ్_లేత్:
దాంట్ల మాత్రం నీతోని పూర్తిగ ఒప్పుకోను. బార్ విప్పితే మళ్ళ పాతది పెట్టొచ్చు, ఏదీ కోసేది లేదు. కానీ లెక్క తెల్వక వేయొద్దు. బార్ గట్టిదనం లావు నాలుగో ఘాతం లెక్కల పెరుగుతది, 18 మిల్లీమీటర్లది తీసి 20ది పెడితే ఒకటిన్నర రెట్లు గట్టిది. చూస్తే రెండు మిల్లీమీటర్లే. ముందు ఒరుగుడు తగ్గుతది నిజమే, కానీ అదే సమయంల బయటి టైరు మీద బరువు పెరిగి ముందు పట్టు తగ్గుతది, బండి మలుపుల ఇంకా సీదా పోదామని చూస్తది. వెనక కమాన్ పట్టీలు, వెనక చక్రాల డ్రైవ్ ఉన్న బండికి కొంత అట్లుండుడే భద్రం, ఎక్కువైతే కాదు. నేనైతే ఉన్న బార్ లింకులు, బుష్‌లు కొత్తవి వేసి చూసినంకనే లావు బార్ మాట ఎత్తుత.

ఓరుగల్లు_పద్మిని:
కాకా చెప్పినట్టు ఆదివారం పొద్దుగాల బండి లేపి మా తమ్ముడితోని స్టీరింగ్ తిప్పించిన. ఐడ్లర్ ఆర్మ్ వేలంత ఊగుతున్నది. కింద ఆర్మ్ బుష్‌ల రబ్బరు చీలికలు పట్టి బయటికొచ్చింది. ఎడమ షాకబ్జర్ మీద నూనె కారి దుమ్ము పేరుకున్నది, అదిమి వదిలితే ఆ పక్క మూడు సార్లు ఊగింది, కుడి పక్క ఒక్కసారికే ఆగింది. రెండేండ్ల సంది బండిని తిట్టుకుంట నడిపిన, బాపు ఉన్నప్పుడు ఇట్ల లేదని ఇప్పుడు యాదికొస్తున్నది. సామాను కోసం హైదరాబాద్ రాణిగంజ్ పోత. పాలీయురేథేన్ బుష్‌లు తేవాల్నా, రబ్బరే తేవాల్నా?

హంటర్_రోడ్_లేత్:
రబ్బరే తే. పాలీయురేథేన్ గట్టిగుంటది గని మన రోడ్ల దెబ్బలన్నీ బాడీకే తెస్తది, కిచకిచ సప్పుడు కూడా. ఒక్క మాట యాది పెట్టుకో, ఇది మెకానిక్ ఒప్పుకోకపోయినా పక్కన నిలబడి చేయించు: బుష్ బోల్టులు చక్రాలు గాల్ల ఉన్నప్పుడు చివరి టైట్ చేయొద్దు, బండి నేల మీదికి దించి, బరువు పడ్డంకనే బిగించాలె, లేకపోతే రబ్బరు మెలిపడ్డట్టే ఉండి ఆరు నెలల్లనే చీలుతది. స్ప్రింగు విప్పేటప్పుడు కంప్రెసర్ కట్టకుండ ఎవ్వరినీ ముట్టనియ్యకు. షాకబ్జర్లు జతగ మార్చు. అన్నీ అయినంక అలైన్‌మెంట్ చేయించి, ఆ అంకెల కాగితం ఇక్కడ పెట్టు.

స్టాక్_బండి:
పాత సామాను పారెయ్యకు తమ్మీ, సంచిల కట్టి పెట్టు.

కాజీపేట_పోరడు:
నాకు స్ప్రింగు కోసుడు విషయంల ఇంకా డౌట్ ఉన్నది కాకా, నీ షెడ్డుకు నా బండి తెస్త, దారం కట్టి చూద్దాం, బంప్ స్టీర్ ఉన్నదో లేదో కొలిచి చెప్పు.

హంటర్_రోడ్_లేత్:
గురువారం పొద్దుగాల తే, స్ప్రింగులు విప్పే కొలుద్దాం.