బాగుందనిపించగానే బీపీ మాత్రలు మానేస్తున్నారు, ఎలా చెప్పాలి?

పీహెచ్‌సీ_నర్సు:
అందరికీ నమస్తే. నేను పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. బీపీ, షుగర్ వాళ్లు వచ్చే రోజు ఒక్కొక్కరితో రెండు నిమిషాలు మాట్లాడటానికి కూడా వీలుండదు. నెలకి సరిపడా మాత్రలిచ్చి పంపిస్తే మళ్లీ వచ్చేసరికి బీపీ 170, 180 ఉంటుంది, అడిగితే "తల తిరగడం తగ్గింది కదమ్మా, ఇంకెందుకని ఆపేశా" అంటారు. వీళ్లలో ఎవరికి పక్షవాతం వస్తుందోనని టెన్షన్‌గా ఉంటోంది. మీరెలా చెప్తున్నారు?

గోదారి_సిస్టర్:
చెల్లీ, "అర్థమైందా" అని మాత్రం అడగకు, అందరూ ఊఁ అంటారు. "ఇంటికెళ్లాక కోడలు అడిగితే ఏ మాత్ర ఎప్పుడని చెప్తావు పెద్దమ్మా?" అను. వాళ్ల నోటితో చెప్పించినప్పుడే ఎక్కడ తికమక పడుతున్నారో తెలుస్తుంది. చదువు రానివాళ్లకి పొద్దుటి మాత్రల కవరు మీద సూర్యుణ్ని, రాత్రివాటి మీద చంద్రుణ్ని గీసివ్వు. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ అనిపించదని మొదటి రోజే చెప్పాలి, ఒంట్లో బాగున్నంత మాత్రాన బీపీ అదుపులో ఉన్నట్టు కాదు, మాత్ర ఆపకూడదు.

ఓరుగల్లు_అమ్మాయి:
నేను నర్సుని కాదు, పేషెంటు కూతుర్ని. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టాక మా నాన్నకి పాదాలు వాచాయి, కిడ్నీలు పోతున్నాయనుకుని ఎవరికీ చెప్పకుండా మానేశారు. ఈ మాత్రతో కొందరికి అలా వాస్తుంది, వస్తే చూపించండి, డాక్టర్ మందు మారుస్తారు అని ముందే ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే బాగుండేది. అదుపులో లేని బీపీయే కిడ్నీలని పాడుచేస్తుందని ఆయనకి తెలియదు. మోకాళ్ల నొప్పులకని షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్‌తో కూడా బీపీ పెరుగుతుంది, దాని గురించి తప్పకుండా అడగండి సిస్టర్.

ఊరి_ఏఎన్‌ఎం:
ఉప్పు సంగతి వంట చేసే మనిషికి చెప్పాలి, పేషెంటుకి చెప్తే సరిపోదు. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూన్ కూడా నిండదు. మనవాళ్లు కూరలో తగ్గిస్తారు, పక్కన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ మామూలే, వాటిని లెక్కలోకే తీసుకోరు. బీడీ, చుట్ట గురించి కూడా ప్రతిసారీ అడగండి, విసుక్కున్నా సరే. షుగర్ వాళ్లలో గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లని ఉపవాసాలుంటారా అని అడగడం ముఖ్యం. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలని ఇంట్లోవాళ్లకీ తెలియాలి.

పీహెచ్‌సీ_నర్సు:
అందరికీ థాంక్స్. అక్కా, కోడలి ప్రశ్న రేపే మొదలుపెడతా. ఇంకొకటి, పనులకి వలస వెళ్లేవాళ్లకి మీ దగ్గర రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇస్తున్నారా?