మళ్ళీ కోవిడ్ లాంటిది వస్తే పిల్లల సంగతి ఏ జిల్లాకు ఆ జిల్లా చూసుకోవాలా, చుట్టుపక్కల జిల్లాలు కలిసి చూడాలా?

ఆలూరు_కుర్రోడు (చర్చ మొదలుపెట్టినవారు):
సూటిగా అడుగుతున్నాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టేనాటికి మా కర్నూలు జిల్లా పడమటి మండలాలు కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, హొళగుంద వైపు నుంచి సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు పోయిన కుటుంబాలు గుంటూరు మిరప చేలల్లో ఉన్నాయి. అక్కడే ఇరుక్కుపోయాయి. ఇక్కడ అంగన్‌వాడీలు మూసి సరుకులు ఇంటికే ఇస్తామన్నారు, ఇచ్చారు. బడి పిల్లలకు కూడా బియ్యం, గుడ్లు, చిక్కీ ఇళ్ళకు చేర్చారు. మంచి పనే. కానీ ఇంటికి తాళం ఉంది, పిల్ల మిరప చేనులో ఉంది. ఆ పిల్ల అక్కడి జిల్లా లెక్కలో లేదు, ఇక్కడి జిల్లాకు కనపడదు.

నేననేది ఇది. కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప, అవతల తెలంగాణలో గద్వాల, కర్ణాటకలో రాయచూరు, బళ్ళారి, వలసలు పోయే గుంటూరు. ఈ జిల్లాల అధికారులు రోగం రాకముందే కూర్చుని రాసుకోవాలి. పిల్ల ఎక్కడుంటే అక్కడే సరుకు, అక్కడే టీకా, దగ్గరున్న ఆసుపత్రిలో మంచం. సరిహద్దు అడ్డం రాకూడదు. మీరేమంటారు?

సీమ_టపాకాయ:
నేను ముందు వరుసలో కూర్చున్నా. బొరుగులు ఎవరైనా తెస్తారా?

బురుజు_పక్కన:
వినడానికి బాగానే ఉంది తమ్ముడూ. గద్వాల పేరు రాశావు కాబట్టి అడుగుతున్నా. 2021 మే నెలలో మన అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆపారా లేదా? హైదరాబాదు ఆసుపత్రిలో బెడ్ ఉన్నట్టు కాగితం కావాలన్నారు, అక్కడి కంట్రోల్ రూము అనుమతి కావాలన్నారు. లోపల ఆక్సిజన్ మీద మనిషి ఉన్నా అంతే. తెలంగాణ హైకోర్టు స్టే ఇచ్చాక గానీ దారి వదల్లేదు. అదే గద్వాల జిల్లా అలంపురం వాళ్ళకు ఏ రోగమొచ్చినా దగ్గర కర్నూలే, ఇక్కడికే వస్తారు. ఎప్పుడైనా వద్దన్నామా? మరి ఈ ఒప్పందం ఎవరు ఎవరితో రాసుకోవాలి? ముందు దానికి జవాబు చెప్పు. టీకాలు, గుడ్లు తర్వాత.

లెక్కల_మాస్టారు:
గుడ్ల సంగతి నేను అడుగుతాను. పెద్దకడుబూరు పిల్లకు గుంటూరులో గుడ్డు ఇస్తే ఆ గుడ్డు ఏ జిల్లా లెక్కలో పడాలి? ఇది తేలకుండా ఏ ఒప్పందమూ నడవదు.

ఆలూరు_కుర్రోడు:
మాస్టారూ, రేషన్ బియ్యం లెక్క తేలింది కదా. ఒకే దేశం ఒకే రేషన్ కార్డును 2021 జూలై 31 లోపు అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీంకోర్టు గడువు పెట్టింది. ఈ రోజు ఆదోని కార్డుతో బెంగళూరులో బియ్యం తెచ్చుకోవచ్చు. మూట బియ్యానికి లేని అడ్డం ఒక్క గుడ్డుకు ఎందుకొచ్చింది?

బురుజు అన్నా, అంబులెన్సులు ఆపడం అన్యాయమే. దాన్ని నేనెక్కడా సమర్థించలేదు. మళ్ళీ ఆపకూడదనే ముందే రాసుకోవాలంటున్నాను.

లెక్కల_మాస్టారు:
బియ్యం డిపోలో మూటల్లో ఉంటుంది, ఎవరొచ్చినా తూచి ఇస్తారు. గుడ్డుకు కాంట్రాక్టరు ఉంటాడు. ఫలానా కేంద్రంలో ఇంతమంది అని చెబితే అన్నే వస్తాయి. నేనడిగింది ఏ లెక్కలో అని. ఎందుకొచ్చింది అని కాదు.

గుత్తి_టీచరమ్మ:
మాస్టారు గారూ, నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మీ ప్రశ్నకు జవాబు నా దగ్గరుంది. ఏ లెక్కలోనూ పడదు, టీచర్ మెడకు పడుతుంది.

లాక్‌డౌన్‌లో మా ఊరి బయట రోడ్డు పని వాళ్ళ గుడారాలు ఉండేవి. పాలమూరు వాళ్ళు. ఒక పిల్లకు ఏడాదిన్నర ఉంటుంది. చేతికి టేపు చుడితే 11.5 సెంటీమీటర్ల లోపు, ఎర్ర గుర్తులో ఉంది. అంటే తీవ్రమైన పోషకాహార లోపం. చంటిపిల్లలకిచ్చే పోషకాహార పిండి, బాలామృతం పొట్లం ఇచ్చాను. ఆ పిల్ల పేరు నా రిజిస్టర్‌లో లేదు. నెలాఖరులో స్టాకు తేడా ఎందుకొచ్చిందని పైనుంచి సంజాయిషీ అడిగారు. పిల్ల చెయ్యి కొలిచానని రాసిస్తే, మీ కేంద్రం పిల్ల కాదు కదా అన్నారు.

ఇప్పుడైతే ఇంకా గట్టి చేశారు. ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్, ఆధార్, ఇంటికిచ్చే సరుకుకు తల్లి ముఖం ఫోటో. తల్లి గుంటూరులో ఉంటే ఆమె ముఖం ఇక్కడ నేనెలా చూపించాలి? వలస పోయిందని మార్చే వీలు యాప్‌లో ఉంది, కాదనను. అవతలి ఊరి టీచర్ చేర్చుకుంటేనే దానికి అర్థం. మిరప చేను గట్టున వేసుకున్న గుడిసె దాకా ఏ టీచర్ పోతుంది? పొమ్మని ఆమెకు ఎవరు చెప్పారు?

మీరంతా జిల్లాలు కలవాలంటున్నారు. కలిశాక వలస పిల్లలకు రెండో రిజిస్టర్ రాసేది మేమే కదా. 11,500 జీతం చాలదని 2023 డిసెంబర్‌లో సమ్మెకు దిగి 42 రోజులు టెంట్లలో కూర్చున్నాం. సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. పిల్లల మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్ళు అప్పుడు ఇక్కడ ఒక్క ముక్క రాయలేదు.

బురుజు_పక్కన:
టీచరమ్మా, సమ్మె వేరే చర్చ. నా ప్రశ్న అలాగే ఉంది.

నంద్యాల_నాగ:
కోవిడ్‌తో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు 2021లో రాష్ట్రం 10 లక్షల డిపాజిట్ ఇచ్చింది, కేంద్రం పీఎం కేర్స్ కింద పిల్లల పథకం పెట్టింది. అవన్నీ జిల్లాలు కలిసి చేసినవా? డబ్బులున్న ప్రభుత్వం చేస్తుంది. జిల్లాలు కూర్చుంటే టీ, బిస్కెట్లే.

ఆలూరు_కుర్రోడు:
నాగ గారూ, డిపాజిట్ అమ్మానాన్నా పోయాక వచ్చేది. నేనడిగేది పిల్ల బతికుండగా తినే తిండి గురించి.

కడప_సిస్టర్:
నేను టీకాల వైపు మనిషిని. మాకు ఈ గొడవ లేదు. ఏ ఊరి పిల్లకైనా ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా ఉచితంగా వేస్తాం. తల్లీబిడ్డల కార్డు తెస్తే మంచిది, పోగొట్టుకున్నా వెనక్కి పంపం. కువైట్ నుంచి సెలవుకు వచ్చినవాళ్ళ పిల్లలకు వేశాను, ఇటుక బట్టీల దగ్గర ఒడిశా పిల్లలకు వేశాను. ఎందుకు కుదురుతుందంటే మాకు సీసా ఎవరి పేరు మీదా రాదు. ఒక సీసాలో ఐదో పదో డోసులు ఉంటాయి, ఎవరొస్తే వాళ్ళకు.

అయినా 2020లో వెనకబడ్డాం. ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు కర్నూలు జిల్లావే. తల్లులు గడప దాటడానికి భయపడ్డారు, మమ్మల్నేమో ఇంటింటి సర్వేలకు పంపారు. తొమ్మిది నెలలకు పడాల్సిన తట్టు టీకా వాయిదా పడింది. ఇలా దేశమంతా వెనకబడిన టీకాల ఫలితం 2022 చివర ముంబైలో తట్టు ప్రబలినప్పుడు కనపడింది. తట్టుకు చెక్‌పోస్టు తెలియదు. పక్క జిల్లా పిల్లకు టీకా వేస్తే మన వీధి పిల్లకూ రక్షణే. ఇది దానధర్మం లెక్క కాదు.

రాయదుర్గం_రైతు:
మాకు బళ్ళారి దగ్గర, అనంతపురం దూరం. పిల్లకు జ్వరమొస్తే బళ్ళారికే పోతాం. 2020లో రోడ్డు మూస్తే పొలం గట్ల మీద మోటారు సైకిళ్ళు పోయాయి. మీరు రాసుకున్నా రాసుకోకపోయినా మేము పోతూనే ఉంటాం. ఇంకో మాట, కలిసి పనిచేయడం మనకు కొత్తేమీ కాదు. బత్తలపల్లిలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) ఆసుపత్రిలో ప్రభుత్వం, ట్రస్టు కలిసి కోవిడ్ వైద్యం చేశాయి కదా.

బురుజు_పక్కన:
పోయేవాళ్ళు పోతూనే ఉంటారు, వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. వచ్చేది మాత్రం మా ఊరికి. గద్వాల, రాయచూరు, బళ్ళారి, మార్కాపురం అందరికీ కర్నూలు పెద్దాసుపత్రే. వచ్చే జనాన్ని బట్టి మంచాలు పెరుగుతాయా, డాక్టర్లు పెరుగుతారా? మూడో వేవ్ పిల్లల మీదికే వస్తుందని 2021లో భయపెట్టి అన్నిచోట్లా పిల్లల వార్డులు సిద్ధం చేయించారు. ఆ వేవ్ అలా రాలేదు, అది మన అదృష్టం. వచ్చి ఉంటే ఆ మంచాలు ముందు ఎవరికి? ఈ ప్రశ్న అప్పుడు ఎవరూ అడగలేదు. నేను అడుగుతున్నా.

ఆలూరు_కుర్రోడు:
ఎవరికి ఊపిరి ఆడకపోతే వాళ్ళకి. పిల్ల మూలుగుతుంటే ఆధార్‌లో చిరునామా చూస్తామా అన్నా?

బురుజు_పక్కన:
పిల్లను అడ్డం పెట్టి మాట్లాడకు. నీకు పిల్లలున్నారో లేదో నాకు తెలియదు. మా అన్న కూతురిని ఒక ఆసుపత్రికి తీసుకుపోతే మంచం లేదన్నారు. తలుపులోంచి చూస్తే లోపల పక్క రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లలున్నారు, వాళ్ళ అమ్మలు కన్నడం మాట్లాడుకుంటున్నారు. రాత్రంతా ఆటోలో తిరిగాం. చివరికి ఒక ప్రైవేటులో చేర్చుకున్నారు. పిల్ల బతికింది. మా అన్న అప్పు మాత్రం ఇంకా తీరలేదు. ఆధార్ చూడరట! చూసి ఉంటే బాగుండేది.

సీమ_టపాకాయ:
బొరుగులు పక్కన పెట్టేశా.

ఆలూరు_కుర్రోడు:
మీ అన్న కూతురికి జరిగింది ఎవరికీ జరగకూడదు. కానీ మీరు రాసినవన్నీ మొదటి నుంచి మళ్ళీ చదివాను. "మా ఊరికి" అన్నారు. అక్కడే నాకు కాలుతోంది. ఆలూరు ఏ జిల్లా? 2022లో జిల్లాలు విడదీశాక కూడా కర్నూలే. అయినా మేము పిల్లను ఎత్తుకుని కర్నూలు బస్టాండులో దిగితే చుట్టాలింటికి వచ్చినవాళ్ళలాగే చూస్తారు. పెద్దాసుపత్రి కర్నూలులో కట్టారు కాబట్టి కర్నూలు టౌను వాళ్ళదా? అలాంటిది పడమటి మండలాల్లో ఒకటి కట్టి ఉంటే మీ ఊరికి ఎవరొస్తారు? వానలు లేక, తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు చివరి పొలం దాకా రాక సుగ్గికి పోయేది మేము. పిల్లలు బరువు తగ్గేది మావాళ్ళు. గద్వాల పేరు చెప్పి మీరు ఆపాలనుకునేది మమ్మల్నే.

బురుజు_పక్కన:
ఆదోని, ఆలూరు వాళ్ళు రావద్దని నేనెక్కడ రాశాను? చూపించు. చూపించలేకపోతే ఆ వాక్యం తీసెయ్.

ఆలూరు_కుర్రోడు:
రాయలేదు. రాయకుండానే తెలుస్తుంది.

నిర్వాహకులు:
ఇద్దరూ కాస్త తగ్గండి. మధ్యలో వేరేవాళ్ళు భాషల మీద, కులాల మీద రాసిన వ్యాఖ్యలు తీసేశాం. అలాంటివి ఇంకొక్కటి వస్తే చర్చకు తాళం.

బురుజు_పక్కన:
సరే, నింపాదిగానే రాస్తా. జిల్లా పిల్లలు ఎవరైనా నా పిల్లలే, అందులో ఆలూరు కూడా ఉంది. నేను ఒప్పుకోనిది వేరు. పక్క రాష్ట్రం పిల్లకు మన ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తించదు. మందులు, ఆక్సిజన్, నర్సుల శ్రమ అన్నీ మన ఆసుపత్రికి వచ్చిన డబ్బులోంచే పోతాయి. వాళ్ళ ప్రభుత్వం ఒక్క రూపాయి పంపదు, పైగా మనకు అవసరమొచ్చినప్పుడు గేటు వేస్తుంది. వైద్యం చేయవద్దని అనడం లేదు. చేసినదానికి డబ్బు పంపండి, మన అంబులెన్సును ఆపకండి. ఈ రెండూ కాగితం మీద ఉండాలి. లేకుండా కలిసి పనిచేద్దాం అంటే పని మనది, కలవడం వాళ్ళది.

లెక్కల_మాస్టారు:
ఇప్పుడు దారికొచ్చారు. పొద్దుటి నుంచి నేనడిగేది ఇదే. గుడ్డయినా మంచమైనా, లెక్క ఎవరిది?

సీమ_టపాకాయ:
మాస్టారి గుడ్డు పొదిగింది!

గుత్తి_టీచరమ్మ:
మంచాల సంగతి పెద్దవాళ్ళు చూసుకోండి. తిండి సంగతికి సిస్టర్ చెప్పినదాంట్లోనే దారి ఉంది. సీసా పేరు మీద రాదు అన్నారు కదా. రోగం రోజుల్లో మాకు కూడా కేంద్రానికి కొంత సరుకు పేర్లు లేకుండా ఇవ్వండి. ఎవరి పిల్ల వచ్చినా చెయ్యి కొలిచి, ఇచ్చి, తల్లి కార్డు మీద తేదీ వేసి సంతకం పెడతాను. పొట్లం ఎవరికి పోయిందో ఆ కార్డే చెబుతుంది. రెండో రిజిస్టర్ వద్దు, ముఖం ఫోటో వద్దు, నెలాఖరులో సంజాయిషీ వద్దు.

లెక్కల_మాస్టారు:
పేర్లు లేని సరుకు పక్కదారి పడుతుంది.

గుత్తి_టీచరమ్మ:
బాలామృతం నేనేం చేసుకుంటాను మాస్టారూ, మా ఇంట్లో చంటిపిల్లలు లేరు.

కడప_సిస్టర్:
నా మద్దతు టీచరమ్మకే. అయితే టేపు ఎర్ర గుర్తులో ఉన్న పిల్లకు పొట్లం ఒక్కటే చాలదు. పోషకాహార పునరావాస కేంద్రంలో 14 రోజులు ఉంచాలి. తల్లికి కూలి డబ్బు కొంత ఇస్తారు, అది ఆమెకు గిట్టుబాటు కాదు. ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలుంటే ఆ తల్లి అసలు రాదు. ఏ జిల్లాలో మంచం ఖాళీ ఉంటే అక్కడ చేర్చుకోవాలన్నది ఒప్పందంలో తప్పకుండా ఉండాలి.

ఆలూరు_కుర్రోడు:
వచ్చే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో అర్జీ ఇస్తున్నాను. మొదటిది, పేర్లు లేని సరుకు. రెండోది, చేతి టేపు ఎర్రలో ఉన్న పిల్లను ఏ జిల్లా కేంద్రమైనా చేర్చుకోవడం. ఇంకేమైనా చేర్చాలా?

బురుజు_పక్కన:
అంబులెన్సు, డబ్బులు. అవి లేని అర్జీ మీద నేను సంతకం పెట్టను.

ఆలూరు_కుర్రోడు:
రాస్తాను. కానీ మూడోదిగా రాస్తాను.

బురుజు_పక్కన:
మొదటిది.

ఆలూరు_కుర్రోడు:
మూడోదే అన్నా. సంతకం పెడతారో లేదో ఆదివారం లోపు చెప్పండి, ప్రింటు తీయాలి.