రిజిస్ట్రేషన్ లేని రేసు బైకును విదేశానికి అమ్మాలంటే ఏ కాగితాలు కావాలి?

ప్రశ్న: నా దగ్గర యమహా టీజెడ్250 ఉంది. ట్రాక్ మీద తప్ప రోడ్డెక్కని బండి, అందుకే రిజిస్ట్రేషన్ లేదు. వేరే దేశంలో ఒకాయన కొంటానంటున్నాడు, కానీ ఓనర్‌షిప్ పత్రం చూపించమంటున్నాడు. నాకున్నది ఒక చేతిరాత రసీదే. పైగా ఇంజిన్ కేసులు (నంబరు చెక్కి ఉండే ఇంజిన్ బయటి భాగాలు) మారాయి, నంబరు కలవదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ ఎందుకండీ, ఆ మోడల్ ఫ్యాక్టరీ నుంచే రేసుల కోసం వచ్చింది. రసీదును భద్రంగా ఉంచుకుని, కొత్తగా అమ్మకపు పత్రం రాయండి. ఫ్రేమ్ నంబరు, ఇప్పుడున్న ఇంజిన్ నంబరు, కేసులు మార్చిన సంగతి, పోటీలకే తప్ప రోడ్డుకు కాదన్న మాట, అన్నీ ఉండాలి. ఫ్రేమ్ మీది నంబరును దగ్గర్నుంచి ఫోటో తీసి జతచేయండి. పాత నంబరు కలవాలని కొత్త కేసుల మీద కొట్టించే ఆలోచన మాత్రం వద్దు, దొంగబండి అనుకుంటారు!

జవాబు: కస్టమ్స్ వాళ్లు ముందు చూసేది ఇన్వాయిస్. ఇంజిన్ 250 సీసీ దాటదు కాబట్టి హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే నంబరు) 8711.20. ధర తగ్గించి రాయమని కొనేవాళ్లు బతిమాలతారు, ఒప్పుకోకండి. ఏటీఏ కార్నెట్ (సామానును కొన్నాళ్లకే వేరే దేశానికి పంపే కస్టమ్స్ పత్రం) మీద పంపమంటే వినకండి, అది తిరిగొచ్చే సామానుకే.

ప్రశ్న అడిగినవారు: రసీదు ఇచ్చినాయన ఇప్పటికీ ఫోన్ ఎత్తుతాడు. నోటరీ దగ్గర సంతకం పెట్టించనా?

జవాబు: తప్పకుండా, ఆయన ఎత్తుతున్నప్పుడే. ట్యాంకు కూడా ఖాళీ చేయించండి, విమానంలో వెళ్తే బండి యూఎన్ 3166 (ఇంధనంతో నడిచే వాహనాలకు రవాణాలో వాడే నంబరు) కింద ప్రమాదకర సరుకు.